గుడి దగ్గర ఎడమకు

ఆ గోపురానికి నేను రోజూ బస్సులోంచే దండం పెట్టేదాన్ని. లోపల ఉన్నది శివుడో, వేంకటేశ్వరుడో, అమ్మవారో నాకు తెలియదు. ఫిల్మ్ నగర్ మలుపు తిరగగానే పొదల పైన గోపురం అంతస్తులు కనిపించేవి. కలశాలు ఎండకి మెరిసేవి. కళ్ళు మూసుకుని ఒకటే కోరుకునేదాన్ని. స్వామీ, అమ్మా, ఎవరైతే వాళ్ళు, ఈ ఉద్యోగం పర్మనెంటు చేయించు, కొబ్బరికాయ కొడతాను.

దిగి వెళ్ళి లోపల ఎవరున్నారో చూడొచ్చు కదా అంటారు. పొద్దున బడికి పరుగు, సాయంత్రం బస్సుకి పరుగు. దేవుడు ఎక్కడికి పోతాడు, వీలు చూసుకుని వెళ్దాంలే అనుకున్నాను.

అది తొంభై రెండో సంవత్సరం. అంతకుముందే నాకు రెండు బళ్ళలో ఉద్యోగం ఊడింది. ఒకచోట నా నోటి వల్ల. రెండో చోట కూడా నా నోటి వల్లే. ఇది మూడోది. ఇది కూడా పోతే రహమత్ నగర్‌లో కిరాయి గది ఖాళీ చేసి, బందరు వెళ్ళి మా అన్నయ్య ఫ్యాన్సీ షాపులో గాజులు సర్దుతూ కూర్చోవాలి. గాజులు సర్దడం నామోషీ కాదు. కానీ వచ్చిన ప్రతివాడికీ మా అన్నయ్య నన్ను చూపించి, "మా చెల్లెలండీ, భూగోళం చదివింది, చివరికి దారి తెలుసుకుని ఇంటికొచ్చింది" అంటాడు. అది తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండిపోయేది.

మా బడి కరస్పాండెంట్ వీరరాఘవయ్యగారు. గుడివాడ మనిషి. సినిమా సెట్లకి కర్ర సప్లై చేసే వ్యాపారం, దాని పక్కనే బడి వ్యాపారం. నా ప్రొబేషన్ ముగిసే ముందు ఆయన నన్ను పిలిచి, ఉన్నమాట చెప్పేశారు.

"శారదాదేవిగారూ, భూగోళానికి ప్రత్యేకంగా ఒక టీచరెందుకు, సోషల్ మేడమ్ చరిత్రతో కలిపి చెప్పేస్తుంది కదా అని మా వాళ్ళు అంటున్నారండీ. నాకు చదువు సంగతి తెలీదు. బీఈడీ కాలేజీలో చేసి రిటైరైన మాస్టారొకాయన్ని పిలిపిస్తున్నాను. మీ పాఠం ఆయన కూర్చుని చూస్తారు. బాగుందంటే మీరు పర్మనెంటు. లేదంటే ఏమీ అనుకోవద్దు."

ఆ మాస్టారు ఎవరో తెలిశాక నాకు సంతోషించాలో భయపడాలో తెలియలేదు. అచ్యుతరామయ్యగారు. నాకు భూగోళ బోధనా పద్ధతులు చెప్పిన గురువు. ఇప్పుడు మోతీనగర్‌లో ఉంటున్నారు. పాఠ్య పథకంలో రాసింది చెయ్యాలి, రాసిందే చెయ్యాలి అనే మనిషి. ట్రైనింగులో ఒకమ్మాయి గోదావరి గురించి చెబుతూ పథకంలో లేని పాట ఒకటి పాడితే, పాట బాగుందమ్మా అని మార్కులు కోసేశారు.

ఆయన పద్ధతి ఒకటే. తెలిసినదాని నుంచి తెలియనిదానికి వెళ్ళాలి. పిల్లవాడికి ఆండీస్ పర్వతాలు ఎందుకు ముందే, ముందు వాడి వీధి వాడికి తెలియాలి. ఇల్లు, వీధి, పేట, ఆ తర్వాతే దేశం. పటం గీసేటప్పుడు కదలనివాటిని ఇంకుతో వెయ్యాలి. కొండ, బండ, గుడి, నీళ్ళ ట్యాంకు. కదిలేవాటిని పెన్సిలుతో వెయ్యాలి. బండ్లు, సంత, టీ బడ్డీ. ఇది ఆయన స్వయంగా కనిపెట్టిన సూత్రం. అందుకని దాని మీదే పాఠం పెట్టాను. బడి నుంచి నీళ్ళ ట్యాంకు వరకు దారి పటం పిల్లలు గీస్తారు. పాఠం రోజున అదే పటం పట్టుకుని మాస్టారిని ట్యాంకు దగ్గరికి తీసుకెళ్తారు. గురువుగారి విద్య గురువుగారికే చూపిస్తే ఏ వంక పెడతారు?

ఎనిమిదో తరగతి పిల్లలకి చెప్పాను. "ట్యాంకుకి వెళ్ళే దారిలో కళ్ళకి కనిపించే పెద్దవన్నీ పటంలో ఉండాలి. కదలనివి ఇంకుతో."

తెరెసా అనే పిల్ల చెయ్యెత్తింది. వాళ్ళ నాన్న స్టూడియోలో లైట్ల పని చేస్తాడు. ఏలూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవులు. మాట తక్కువ పిల్ల.

"మేడమ్, గుడి వెయ్యాలా?"

ఆ ప్రశ్నకి నా మనసు చివుక్కుమంది. పాపం, వాళ్ళ మతం కాదని సందేహిస్తోందనుకున్నాను. అంతే, అందుకున్నాను. పటానికి కులం లేదు, మతం లేదు అన్నాను. చర్చి ఉంటే చర్చి, మసీదు ఉంటే మసీదు, గుడి ఉంటే గుడి అన్నాను. గుడి గీసినంత మాత్రాన ఎవరి దేవుడికీ కోపం రాదన్నాను. పీరియడంతా దానికే సరిపోయింది. తెరెసా అంతా విని, "అది కాదు మేడమ్" అని ఏదో అనబోయింది. గంట మోగింది.

అందరి పటాల్లోనూ గోపురం ఇంకుతో వచ్చింది. తెరెసా పటంలో కూడా. దాని పక్కన అందరూ ఒకే ముక్క రాశారు. గుడి దగ్గర ఎడమకు.

పాఠం రోజు రానే వచ్చింది. ఆ వేళ వీరరాఘవయ్యగారు మాస్టారిని తీసుకొస్తూ దారిలో నన్నూ కారెక్కించుకున్నారు. కారు వేరే దారిలో వచ్చింది కాబట్టి గోపురానికి దండం పెట్టే అవకాశం దొరకలేదు. మనసులో కొంచెం పీకింది. ఎలాగూ పాఠంలో అటే వెళ్తాంగా, అక్కడే పెట్టేద్దామని సర్దిచెప్పుకున్నాను.

మాస్టారు గొడుగు, సంచి పట్టుకుని పిల్లల మధ్య నిలబడ్డారు. నన్ను చూసి గుర్తుపట్టినట్టు తల ఊపారు గానీ నవ్వలేదు. బయలుదేరాం. ఆయా బాలమణి పిల్లల వెనకాల నడిచింది. పటం ప్రకారం మొదట కిరాణా కొట్టు వచ్చింది. తర్వాత రెండు గేట్ల మేడ వచ్చింది. మాస్టారు ప్రతిదానికీ పటం మీద వేలు పెట్టి, "ఊఁ" అంటున్నారు. నాకు ప్రాణం కుదుటపడింది. ఇక మలుపు తిరిగితే గుడి.

మలుపు తిరిగాం. గుడి లేదు.

పొదలున్నాయి, ఆకాశం ఉంది. గోపురం ఉండాల్సిన చోట ఎర్రటి రంగు వేసిన పోలీస్ స్టేషను ఉంది. బోర్డు కూడా ఉంది. ఒక్క క్షణం నాకు మతిపోయింది. వేరే మలుపు తిరిగామేమో అని వెనక్కి చూశాను. మేడ కనిపిస్తూనే ఉంది. నిన్న సాయంత్రం బస్సులోంచి కూడా చూశానే ఆ కలశాల్ని!

"మీ పటంలో పోలీస్ స్టేషను లేదేమ్మా?" అన్నారు మాస్టారు.

"లేదు మాస్టారూ. గుడి ఉండాలి."

"గుడేదీ?"

బాలమణి వైపు తిరిగాను. ఆవిడ నన్ను వింతగా చూసింది.

"ఏం గుడి మేడమ్? గా సెట్టా? నిన్న పొద్దుమీకినంక పీకిండ్రు. లారీలకెక్కించిండ్రు. ఇది గూడ సెట్టే. రాత్రికి రాత్రే నిలవెట్టిండ్రు."

నా మొక్కులన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. ఇన్నాళ్ళూ నేను ప్లైవుడ్డుకి దండం పెట్టాను. సిగ్గు, కోపం రెండూ కలిసి పిల్లల మీద విరుచుకుపడ్డాయి.

"అది సెట్టని మీకు తెలుసా?"

"తెలుసు మేడమ్" అన్నారందరూ ఒకే గొంతుతో.

"తెలిసి పటంలో ఎందుకేశారు?"

"మీరే కదా మేడమ్, కనిపించేవన్నీ వెయ్యమన్నారు."

తెరెసా తల దించుకుంది. నా చెప్పులకేసి చూస్తూ నిలబడింది. ఆ పిల్ల ఆనాడు ఏం అడగబోయిందో నాకు అప్పుడు అర్థమైంది. నా ఉపన్యాసం గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

మాస్టారు మాత్రం మా మాటలేవీ చెవిన పెట్టలేదు, తగ్గనూ లేదు. గొడుగు నేలకి ఆనించి, సూర్యుణ్ణి చూసి, పటాన్ని ఒకసారి అటూ ఒకసారి ఇటూ తిప్పారు. తర్వాత నేరుగా పోలీస్ స్టేషను మెట్ల దగ్గరికి వెళ్ళి, అక్కడ కూర్చుని ఇడ్లీ తింటున్న కానిస్టేబుల్‌ని అడిగారు. "బాబూ, నీళ్ళ ట్యాంకుకి ఎటు వెళ్ళాలి?"

అతను లేచి నిలబడ్డాడు, మర్యాదస్తుడు. "నాకు తెలవదు సార్. నేను ఇయ్యాల్నే కానిస్టేబుల్ అయిన" అన్నాడు.

పిల్లలు పగలబడి నవ్వారు. మాస్టారికి విషయం ఎక్కడానికి కాసేపు పట్టింది. ఎక్కాక ముఖం ముడుచుకుపోయింది. తిన్నగా నా దగ్గరికి వచ్చి చిన్న గొంతుతో అన్నారు. "ఏంటమ్మాయ్ ఇది? ఇక్కడ ఏది ఏదో ఎలా తెలుస్తుంది?"

అది నేను ఆయన్ని అడగాల్సిన ప్రశ్న. ఆయన నన్ను అడుగుతున్నారు.

ఎడమకు రెండు బాటలున్నాయి. ఏది గుడి దగ్గరి ఎడమో, గుడి లేకుండా చెప్పలేం. పిల్లల్లో సగం మంది ఇటన్నారు, సగం మంది అటన్నారు. చివరికి మాస్టారే పటంలో ఇంకో ఇంకు గుర్తు పట్టుకున్నారు. పెద్ద బండ. "మనుషులు కట్టింది పోతుంది. బండ ఎక్కడికీ పోదు. పదండి" అని దూరంగా కనిపిస్తున్న బండ వైపు నడిచారు. మేమంతా వెనకాల.

బండ నిజంగా పెద్దది. ఏనుగంత ఎత్తు, ఇంటి గోడంత పొడవు. దాన్ని చూడగానే మాస్టారికి ప్రాణం లేచి వచ్చినట్టైంది. తిరిగి కాలేజీలో పాఠం చెప్పే మనిషి అయిపోయారు. "పిల్లలూ, చెయ్యి పెట్టండి. ఇది గ్రానైటు. ఈ ఊరు లేనప్పుడు ఉంది. మనుషులు లేనప్పుడు ఉంది. భూమి మీద ఇంతకన్నా ముసలిది మీకెక్కడా దొరకదు" అని ప్రేమగా దాన్ని గొడుగు పిడితో తట్టారు.

డబడబమని డోలు మోగినట్టు మోగింది.

ఎవరూ నవ్వలేదు. అది ఇంకా భయంగా అనిపించింది. మాస్టారు ఇంకోసారి తట్టారు. మళ్ళీ అదే చప్పుడు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఇది సహజమే. బండ పగలు ఎండకి ఉబ్బుతుంది, రాత్రి చలికి ముడుచుకుంటుంది. అలా అలా ఉల్లిపాయలా పొరలు లేస్తుంది. పొర కింద ఖాళీ ఉంటుంది కాబట్టి బోలుగా మోగుతుంది."

అబద్ధం కాదు. గ్రానైటు అలా పొరలు లేవడం నిజం, మోగడం కూడా నిజం. నేనే పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. కానీ పక్కనే పోలీస్ స్టేషను ఉంది, దాని మెట్ల మీద ఇవాళే అయిన కానిస్టేబుల్ ఉన్నాడు. ఇది పొర లేచిన బండా, అట్ట బండా? చూస్తే బండే. రంగు బండదే. పగుళ్ళలో నాచు కూడా ఉంది. నాకు నిజంగా తెలియలేదు.

తెరెసా నోట్సు తెరిచి, పెన్ను పట్టుకుని నా వైపు చూసింది. మాస్టారి వైపు కాదు.

"మేడమ్, సార్ చెప్పింది రాసుకోవాలా?"

తరగతంతా నా వైపు తిరిగింది. మాస్టారు కూడా తిరిగారు. రాసుకోమంటే నా ఉద్యోగం నాది. ఆయన మాటని అందరి ముందు నిలబెట్టిన శిష్యురాలిని ఆయన ఎందుకు పోగొడతారు? వద్దంటే బందరు, గాజులు, అన్నయ్య. నోటి వల్ల రెండుసార్లు చెడినదాన్ని. ఒక్కసారి, ఒక్క ముక్క మింగితే ఏం పోతుంది అని నన్ను నేనే బతిమాలుకున్నాను. కానీ ఈ పిల్ల ఒకసారి నన్ను సరైన ప్రశ్న అడిగితే నేను ఉపన్యాసం పెట్టి నోరు మూయించాను. మళ్ళీ అదే చెయ్యడానికి నాకు మనసొప్పలేదు.

"ఇప్పుడే రాయొద్దు" అన్నాను. "నాకూ తెలియడం లేదు. నీ వాటర్ బాటిల్ ఇటియ్యి."

మాస్టారి కనుబొమలు పైకి లేచాయి. నేను ఆయన ముఖం చూడకుండా, ఆయన తట్టిన చోటే నీళ్ళు పోశాను. నీళ్ళు జారలేదు. మెల్లగా ఇంకాయి. ఇంకిన చోట బూడిద రంగు కరిగి, పాల లాంటి నీళ్ళు కారాయి. రంగు వెనక తెల్లటి ప్లాస్టరు, ప్లాస్టరు వెనక గోనెపట్టా పోగులు కనిపించాయి.

మాస్టారు అలా చూస్తుండిపోయారు. ఆయన ముఖంలో కోపం లేదు. ఇంటి అడ్రసు మరిచిపోయిన మనిషిలా ఉన్నారు. ఆయన్ని అవమానించాలని కాదు నేను చేసింది.

ఈలోగా బండకి అటు చివర ఉన్న పిల్లలు అరిచారు. "మేడమ్, ఇక్కడ జారిపోతున్నయ్ నీళ్ళు! ఇక్కడ మోగట్లేదు!"

పరిగెత్తాం. నిజమే. ఆ చివర బండ చల్లగా, బిగువుగా ఉంది. తడితే చేతికి నొప్పే తప్ప చప్పుడు లేదు. నీళ్ళు పోస్తే గాజు మీద పోసినట్టు జారాయి. అసలు బండ అక్కడుంది. సినిమావాళ్ళకి అది చాలక, దానికి ఆనించి ఇంకో సగం చెక్కతో, గోనెతో కట్టుకున్నారు. ఎక్కడ అసలు ఆగిందో, ఎక్కడ నకిలీ మొదలైందో కంటికి తెలియడం లేదు.

"గీత గీద్దామా మేడమ్?" అన్నాడు కాశీవిశ్వనాథం అనే పిల్లాడు, జేబులోంచి సుద్దముక్క తీస్తూ.

పథకంలో లేదు. ఏదైతే అదవుతుందని గీయమన్నాను. పిల్లలు బండని చుట్టుముట్టారు. ఒకరు తట్టడం, ఒకరు చెవి పెట్టడం, ఒకరు గీయడం. "ఇక్కడ బోలు." "కాదు, ఇక్కడ గట్టి." "ఇంకొంచెం పైకి." సుద్ద గీత వంకరటింకరగా పాకుతూ పైకి వెళ్ళింది. ఒకచోట తగువొచ్చింది. బోలుగానూ లేదు, గట్టిగానూ లేదు. నీళ్ళు పోస్తే జారాయి. అక్కడ మాస్టారు చెప్పినట్టు నిజంగానే అసలు బండ పొర లేచింది. తెరెసా అది చూసి, "సార్, మీరు చెప్పింది ఇది" అని ఆయన్ని పిలిచింది. పంచె తడుస్తుందని కూడా చూసుకోకుండా మాస్టారు మోకాళ్ళ మీద కూర్చుని తట్టారు. చెవి పెట్టి విన్నారు. మళ్ళీ తట్టారు.

అదే సమయానికి వీరరాఘవయ్యగారి కారు దుమ్ము రేపుకుంటూ వచ్చింది. ఎవరో కబురు చేసినట్టున్నారు. దిగుతూనే తల పట్టుకున్నారు.

"అయ్యయ్యో, నీళ్ళు పోశారా! రేపు దాని మీద షూటింగండీ! ఆ బండలో కర్ర మనదే! శారదాదేవిగారూ, ఏంటండీ ఇది? ట్యాంకుకి కదా వెళ్తామన్నారు?"

ట్యాంకు సంగతి అప్పటికి ఎవరికీ గుర్తే లేదు. పాఠం పోయింది, ఉద్యోగం పోయింది, మొక్కుకున్న దేవుడు కూడా లారీ ఎక్కి వెళ్ళిపోయాడు.

మాస్టారు లేచి పంచె దులుపుకున్నారు. "ఒక్క నిమిషం. పాఠం ఇంకా అవలేదు. పునశ్చరణ ఉంది" అన్నారు. పద్ధతి పద్ధతే. పిల్లల వైపు తిరిగి అడిగారు. "ఇవాళ ఏం నేర్చుకున్నారు?"

బండ అన్నారు కొందరు. నీళ్ళు అన్నారు కొందరు. తెరెసా ముందుకొచ్చి, భయపడుతూనే చెప్పింది. "మీరు చెప్పినా సరే, తట్టి చూడాలి సార్."

నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి మాస్టారు ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి ఉన్నారు. తర్వాత వీరరాఘవయ్యగారితో అన్నారు.

"పథకం ప్రకారం అయితే ఈ పాఠానికి సున్నా. ట్యాంకుకి వెళ్తామన్నారు, వెళ్ళలేదు."

"నేనూ అదే అంటున్నాను మాస్టారూ."

"ఈ అమ్మాయిని ఉంచుకోండి."

"అదేంటండీ, సున్నా అన్నారుగా?"

"అన్నాను. ఉంచుకోమని కూడా అంటున్నాను. ఎలా కుదురుతుందని నన్నడక్కండి, నాకే సరిగ్గా తెలియడం లేదు" అని గొడుగు తెరిచి, దారి కనుక్కుందామని అటూ ఇటూ చూసి, చివరికి పిల్లల వెనకాల నడిచారు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

ఉద్యోగం పర్మనెంటైంది. ఇప్పుడు కొత్త చిక్కు. మొక్కు మొక్కే కదా. తీరని కోరికకి కాయ ఎగ్గొట్టొచ్చు గానీ, తీరినదానికి ఎలా? కాయ కొనుక్కుని సంచిలో వేసుకుని బాలమణిని సలహా అడిగాను.

"గా గోపురం గిప్పుడు గోడౌన్ల ఉన్నది మేడమ్. విప్పి పండవెట్టిండ్రు. గాడికి పోయి కొడ్తరా?" అంది. వెక్కిరింతో, సలహానో తెలియలేదు.

సాయంత్రం బడి అయ్యాక బండ దగ్గరికి వెళ్ళాను. షూటింగైపోయి అక్కడెవరూ లేరు. ఖరాబైన రంగు మళ్ళీ పూసేశారు గానీ, సుద్ద గీత కింది భాగం అలాగే ఉంది. గీతకి గట్టి వైపు ముందు తట్టి చూశాను. తర్వాత కాయ కొట్టాను. ఒక్క దెబ్బకి పగిలింది. ఎవరికి చెందిందో తెలియదు, చెక్కలు అక్కడే పెట్టి వచ్చాను.

కొన్ని వారాలకి పిల్లలతో పటం మళ్ళీ గీయించాను. పోలీస్ స్టేషను అప్పటికి ఆసుపత్రి అయింది. పిల్లలు ఈసారి అన్నీ తట్టి మరీ వస్తున్నారు. బండ దగ్గర అందరూ ఆగిపోయారు. నేను కాయ కొట్టిన చోట ఎవరో పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టారు. ఇంకెవరో పూలదండ వేశారు. కాయ చెక్కలు కుప్పగా ఉన్నాయి, అగరొత్తులు ఇంకా వెలుగుతున్నాయి. సినిమావాళ్ళు ఇప్పుడు ఇక్కడ కాయ కొట్టకుండా మొదటి షాటు తియ్యడం లేదట. పసుపు సరిగ్గా సుద్ద గీత మీదుగా ఇటు గట్టి వైపుకీ, అటు బోలు వైపుకీ పాకింది.

తెరెసా పటం మీద పెన్ను ఆపి నా వైపు చూసింది.

"మేడమ్, ఇప్పుడు గుడి వెయ్యాలా?"

ఈసారి నేను ఉపన్యాసం ఇవ్వలేదు. ఎంత ఆలోచించినా ఏమీ తేలలేదు.

"వెయ్యమ్మా" అన్నాను. "పెన్సిలుతో వెయ్యి."